బోనస్ డబ్బు, పెట్టెలో విమానం

బి. మల్లాపురం నుంచి ఒక చెల్లెలు దీపావళి అయిన వారానికి ఉత్తరం రాసింది. ఆమె, ఇంటాయన ఇద్దరూ స్పిన్నింగ్ మిల్లులోనే పని. "అన్నా, బోనస్‌లో కొంత మావోడికి ఇస్తానని నోరు జారినాను. వాడిప్పుడు రేడియోతో ఎగిరే విమానం కావాలంటా ఉండాడు. పెట్టెలో ముక్కలుగా వస్తుందంట, మనమే కూర్చుకోవాలంట. ఇది ఆటబొమ్మా, పనా? ఒక దినం ఎగిరి పగిలిపోతే ఆ డబ్బుకు ఎవరు లెక్క చెప్పేది?"

ఉత్తరంలో అసలు ప్రశ్న చివరిదే. దానికి జవాబు ఫోన్‌లోనే చెప్పాను: పగులుతుందమ్మా. ఇవాళ కాకపోతే ఇంకో నాడు. విమానం నేర్చుకునేవాడు నేలకు కొట్టకుండా నేర్చుకోడు. కాబట్టి పగలనిది ఏదని అడగొద్దు. పగిలితే తక్కువ డబ్బు పోయేది, ఇంట్లోనే అతికించుకోగలిగేది ఏదని అడగాలి.

నా మొదటి విమానాన్ని నేను పెట్టె మీద బొమ్మ చూసి కొన్నాను. యుద్ధ విమానం, కిందికి అమర్చిన రెక్క, పక్కన తూటా గుర్తులతో సహా. చేతిలోంచి వదిలాక పది సెకన్లు లేదు. మా ఆవిడ కుట్టుమిషను కోసం దాచిన డబ్బు అది. ఆ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ పండగ పండగకూ వస్తుంది.

అందుకని ఆ పిల్లోడికి చెప్పింది ఇదే. రెక్క పైన ఉండేది చూడు. రెక్క కొసలు కాస్త పైకెత్తి ఉండాలి. అట్లా ఉంటే గాలికి ఒక పక్క వాలినా తనంతట తానే సర్దుకుంటుంది. రెక్క పొడుగు కొస నుంచి కొసకు నాలుగడుగులు, నాలుగున్నర అడుగులు ఉంటే మంచిది. చిన్నదైతే చవకే, కానీ బిరబిరా పోతుంది, కంటికి ఆనదు. ముందు ఒక చక్రం, వెనక రెండు ఉన్నది నేల మీద తిన్నగా నడుస్తుంది. ఇక ఒళ్లు. బాల్సా కర్రతో చేసినవి చూడముచ్చటగా ఉంటాయి, పడితే అగ్గిపుల్లలవుతాయి. మొదటిదానికి ఫోమే మేలు. ఇప్పుడు వచ్చే ఫోము టీవీ పెట్టెలో వచ్చే థర్మకోల్ కంటే గట్టిది, విరిగినచోట ఎపాక్సీ పెట్టి గంటసేపు పట్టుకుంటే అతుకుతుంది. ఫెవిక్విక్ మాత్రం ముందు ఏదైనా మూల ఒక చుక్క వేసి చూడాలి. మామూలు థర్మకోల్‌ను అది కరిగించేస్తుంది.

పెట్టె మీద ఏఆర్ఎఫ్ అని ఉంటుంది. ఎగరడానికి దాదాపు సిద్ధం అని దాని అర్థం. ఆ 'దాదాపు'లోనే ఖర్చంతా ఉంది. రెక్క, ఒళ్లు, తోక తయారుగా వస్తాయి. మోటారు, దానికి కరెంటు కొలిచి ఇచ్చే స్పీడ్ కంట్రోలరు, రెక్కల పలకలను ఆడించే సర్వోలు, రిసీవరు, చేతిలో పట్టుకునే రేడియో, బ్యాటరీ, చార్జరు, ఇవి చాలాసార్లు వేరుగా కొనాలి. కొన్ని పెట్టెల్లో మోటారు, సర్వోలు బిగించే వస్తాయి. ఏమేమి ఉన్నాయో చదవకుండా పెట్టె ధర చూసి సంబరపడితే, పెళ్లికి పందిరి ఖర్చు ఒక్కటే లెక్కేసినట్టు.

కానీ ఆ చెల్లెలి ప్రశ్నకు ఇందులోనే ఊరట ఉంది. నేలకు కొట్టినప్పుడు పోయేది మామూలుగా ఒళ్లూ, ప్రొపెల్లరూ. రేడియో, చార్జరు నీ దగ్గరే ఉంటాయి. మోటారు, సర్వోలు, బ్యాటరీ చాలాసార్లు బతికి బయటపడతాయి. అంటే డబ్బులో పెద్ద భాగం పగలని వస్తువుల మీదే పడుతుంది. ఆదా చేయాలనుకుంటే విమానంలో చేయండి, రేడియోలో వద్దు. ఆరు చానళ్ల మంచి రేడియో ఒకటి కొంటే దానితో నాలుగు విమానాలు ఎగరేయొచ్చు. దాన్ని తీగతో కంప్యూటరుకు కలిపి తెర మీద ఎగరడం నేర్పే సిమ్యులేటర్లు కూడా ఉన్నాయి. పిల్లోణ్ని రెండు నెలలు దాని మీదే కూర్చోబెట్టమన్నాను. తెర మీద వందసార్లు కూలినా పైసా పోదు. అక్కడే అర్థమవుతుంది అసలు కష్టం ఏమిటో. విమానం మనకు దూరంగా పోతున్నంతసేపు కుడి కుడే. మన మీదికి తిరిగి వస్తున్నప్పుడు కుడి ఎడమవుతుంది. అప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో ఆ వైపుకే కర్రను తోయాలి. రెక్క కింద దన్ను పెట్టినట్టు అనుకుంటే గుర్తుంటుంది.

పొంగల్ అయిన రెండో శనివారం సేలంలో ప్యాసింజరు ఎక్కి బొమ్మిడిలో దిగాను. పిల్లోడు స్టేషనుకే వచ్చాడు. ఇంటికి పోయేసరికి విమానం మంచం మీద పడుకోబెట్టి ఉంది, దుప్పటి కప్పి. కూర్చడం తొంభై పాళ్లు అయిపోయింది. బాగానే కూర్చాడు. రెక్క కొస నుంచి తోక కొసకు దారం పట్టి రెండు పక్కలా కొలిచాను. తేడా లేదు. సర్వోలను రేడియోతో నడిమికి తెచ్చాకే చేతులు బిగించాడు. చాలామంది ఇది తిరగేసి చేసి తరవాత తిప్పలు పడతారు.

తప్పు ఒక్కచోటే కనబడింది. తోక ఎర్రగా ఉంది. చిక్కటి ఎనామిల్ పెయింటు, మూడు పూతలు. దాని మీద తెల్లగా ఒక నంబరు.

"ఏమిరా ఇది?"

"తాత టోకెన్ నంబరు మామా. మిల్లులో ముప్పై ఏండ్లు ఉండాది గదా. ఎర్రగా ఉంటే దూరం నుంచి బాగా కనబడుతుందని వేసినా."

కనబడే మాట నిజమే. కానీ తూకం?

ఈ ఒక్క విషయం మీదే ఈ నెల నేను ఎక్కువ రాయాలనుకున్నాను. విమానానికి ఒక తూకం బిందువు ఉంటుంది. రెక్క ముందంచు నుంచి వెనక్కి, రెక్క వెడల్పులో పావు వంతుకూ మూడో వంతుకూ మధ్య ఎక్కడో ఉంటుంది. పెట్టెలోని కాగితంలో మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. ఈ విమానానికి 65. రెక్క కింద రెండు పక్కలా పెన్నుతో గుర్తు పెట్టి, బ్యాటరీ సహా అన్నీ బిగించి, ఆ గుర్తుల మీద రెండు వేళ్లతో ఎత్తాలి. సమంగా నిలవాలి, లేదా ముక్కు రవ్వంత వంగాలి. ముక్కు మరీ బరువైతే విమానం మొండికేస్తుంది, దిగేటప్పుడు వేగంగా దిగుతుంది, కానీ మన మాట వింటుంది. తోక బరువైతే వినదు. ముక్కెత్తుతుంది, దించితే దూకుతుంది, మళ్లీ ఎత్తుతుంది. కొత్తవాడి చేతిలో అది అరనిమిషం నిలవదు. నా యుద్ధ విమానం పోయింది అందుకే. బ్యాటరీ ఎక్కడ పడితే అక్కడ పెట్టి ఎగరేశాను.

వేళ్ల మీద ఎత్తగానే మావాడి విమానం తోక మీద కూలబడింది. వంటింటి త్రాసు తెప్పించి లెక్క చేసి చూపించాను. పెయింటు 20 గ్రాములు అనుకో. తోక ఆ బిందువుకు 60 సెంటీమీటర్ల దూరం. ముక్కు 20 సెంటీమీటర్లే. తోకలో 20 గ్రాములను నిలబెట్టడానికి ముక్కులో 60 గ్రాములు కావాలి. బరువు తక్కువైనా దూరం ఎక్కువ. కూరగాయల మండీలో కాటా చూసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పేదేమీ కాదు. అక్కడితో ఆగలేదు. డబ్బు మిగులుతుందని కాగితంలో చెప్పినదానికన్నా చిన్న బ్యాటరీ కొన్నాడు. ముక్కులో ఉండాల్సిన బరువు అక్కడా తగ్గింది.

"సీసం ముక్కలు పెడదామా మామా?"

పెట్టొచ్చు. కానీ పనికిరాని బరువును ఎగరేయడానికి మోటారు ఎందుకు కష్టపడాలి? ఉప్పుకాగితం తీసుకుని ఇద్దరం కూర్చున్నాం. రెండు గంటలు పట్టింది. ఎరుపంతా పోయింది. నంబరు ఉన్నచోట మాత్రం వాడు నన్ను ముట్టుకోనివ్వలేదు, నేనూ అడగలేదు. మిగిలిన కాస్తకు బ్యాటరీని ముక్కులోకి రెండు వేళ్ల వెడల్పు జరిపితే సరిపోయింది. మళ్లీ ఎత్తితే నీళ్ల మీద తేలినట్టు నిలిచింది. వాళ్లమ్మ షిఫ్టు నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడి చూసింది.

అప్పటిదాకా ప్రొపెల్లరు బిగించనివ్వలేదు. ఇది మన ఇళ్లలో గట్టిగా చెప్పాల్సిన మాట. మిల్లులో గేర్లకూ బెల్టులకూ వేలు ఇచ్చినవాళ్లు మన చుట్టాల్లో లేనివాళ్లు ఎవరు? మన రింగ్ ఫ్రేము కదురు 18,000 చుట్లు తిరుగుతున్నా దాని ఒళ్లు నున్నన. ఈ మర 9,000 చుట్లే తిరుగుతుంది, కానీ కత్తి. పది అంగుళాల మర కొస ఆ వేగంలో గంటకు సుమారు 430 కిలోమీటర్ల లెక్కన కదులుతుంది. ఈ మోటారులో మన మిల్లు మోటారుకు తిరగేసిన ఏర్పాటు ఒకటుంది. చుట్టిన తీగ లోపల కదలకుండా ఉంటుంది, అయస్కాంతాలున్న పైడబ్బా తిరుగుతుంది. గుప్పిట్లో పట్టేంత వస్తువు గదా అని మర ఉన్నప్పుడు బల్ల మీద పెట్టి పరీక్షలు చేయకండి. ముందు రేడియో వేయాలి, త్రాటిల్ కిందికి ఉందని చూడాలి, తరవాతే విమానంలో బ్యాటరీ కలపాలి. ఆపేటప్పుడు ముందు విమానం బ్యాటరీ, చివర రేడియో. రేడియో తెగిపోతే మోటారు ఆగేట్టు రిసీవరులో ఏర్పాటు ఉంటుంది. దాన్ని మర లేకుండా, రేడియో కట్టేసి చూడాలి.

పలకల దిక్కులు కూడా అప్పుడే. విమానం వెనక నిలబడి, కర్ర కుడికి తోస్తే కుడి రెక్క పలక పైకి లేవాలి. కర్ర మన వైపు లాగితే తోక పలక పైకి లేవాలి. మావాడిది రెక్కల దగ్గర తిరగబడి ఉంది. రేడియోలో ఒక మీట. చూడకుండా ఎగరేసి ఉంటే ఆ ఒక్క మీట మొత్తం బోనస్‌ను మింగేది.

బ్యాటరీ సంగతి ఆ చెల్లెలికే చెప్పాను, ఎందుకంటే చూసుకునేది ఆమే. లిథియం పాలిమర్, మూడు సెల్లులు. ఒక్కో సెల్లు నిండితే 4.2 వోల్టులు. 3.5 కిందికి దిగనివ్వకూడదు. వాడనప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. చార్జింగు మంచం మీద వద్దు, నేల మీద మట్టి మూకుట్లో పెట్టి, మనిషి దగ్గర ఉండగానే. నైట్ షిఫ్టుకు పోతూ తగిలించి పోవద్దు. ఉబ్బితే మళ్లీ చార్జు పెట్టొద్దు. 2,200 మిల్లీయాంపియర్ అవర్ బ్యాటరీలో ఎనభై పాళ్లే వాడితే, సగటున 12 యాంపియర్లు లాగే విమానం ఎనిమిది నిమిషాల పైన ఎగురుతుంది. కొత్తవాడు ఐదు నిమిషాలకే గడియారం పెట్టుకోవాలి.

ఎక్కడ ఎగరేయాలి? 2021 డ్రోన్ నియమాల్లో ఇలాంటి విమానాలు కూడా వస్తాయి. 2 కిలోల లోపు ఉండి, వ్యాపారానికి కాకపోతే పైలట్ లైసెన్సు అక్కర్లేదు. పచ్చ ప్రాంతంలో 400 అడుగుల దాకా ఎగరొచ్చు. విమానాశ్రయం హద్దు నుంచి 8కీ 12కీ మధ్య కిలోమీటర్లలో అయితే 200 అడుగులే. కామలాపురంలోని సేలం విమానాశ్రయం మల్లాపురానికి అంతకన్నా బాగా దూరం. అయినా డిజిటల్ స్కైలో మ్యాపు, నమోదు సంగతి రెండూ కొనకముందే చూసుకోండి. నాకు దానికంటే భయం రైలు పట్టాలది. సేలం–జోలార్‌పేట దారిలో పట్టాల పైన 25,000 వోల్టుల తీగ ఉంది. విమానం అటు పోయి పడితే వదిలేయాల్సిందే, తెచ్చుకోవడానికి పోకూడదు. కొబ్బరి తోటలు రెండో శత్రువు. ఇక శేర్వరాయన్ కొండల మీదుగా నైరుతి గాలి దిగే నెలల్లో ఇక్కడ పెట్టె తెరవొద్దు. ఆడి గాలికి సన్నికల్లే ఎగురుతుందని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఆదివారం పొద్దున ఏడింటికి, మంచు విడిపోయాక, పిలకాయలు క్రికెట్ ఆడే బీడుకు పోయాం. గాలికి ఎదురుగా పెట్టాడు. ముప్పై అడుగులు పరుగెత్తి లేచింది. కాస్త ఎడమకు లాగుతుంటే ట్రిమ్ము రెండు గీతలు కుడికి వేయించాను. నాలుగు చుట్లు తిరిగాడు. తెల్లటి నంబరు ఎండకు తిరిగినప్పుడల్లా కనబడింది. దింపేటప్పుడు తొందరపడ్డాడు, ముక్కు చక్రం గడ్డిలో తట్టుకుని వంగింది.

వాళ్లమ్మ అందరికంటే ముందు పరుగెత్తింది.

"అన్నా, ఆ చక్రం ఎంతవుతుంది?"

తీగేనమ్మా, పటకారుతో నిలబెట్టుకోవచ్చు అన్నాను. ఆమె ఇంటాయన అప్పటికే జేబులోంచి పటకారు తీశాడు.