పరీక్షలు మారుతున్నాయి, ఇంటి ప్రశ్నలూ మారాలి

కేంద్ర మాధ్యమిక విద్యా మండలి, సీబీఎస్‌ఈ, 2026 నుంచి పదో తరగతి విద్యార్థులకు ఏడాదిలో రెండుసార్లు బోర్డు పరీక్షలు రాసే అవకాశం కల్పించింది. మొదటి విడత అందరూ తప్పనిసరిగా రాయాలి. మార్కులు పెంచుకోదలచినవారు మూడు సబ్జెక్టుల వరకు రెండో విడతలో రాయవచ్చు. ప్రశ్నపత్రాల్లోనూ సగం మేరకు, నేర్చుకున్న విషయాన్ని కొత్త సందర్భానికి అన్వయించే ప్రశ్నలు వస్తున్నాయి. ఒక్క పరీక్షే భవిష్యత్తును నిర్ణయించరాదని, బట్టీ చదువు తగ్గాలని 2020 జాతీయ విద్యా విధానం ఆశించింది. అయితే ఇళ్లలో వినిపించే ప్రశ్నలు మాత్రం పెద్దగా మారలేదు. ఎన్ని గంటలు చదివావు? ఎన్ని మార్కులు వచ్చాయి?

ఈ విషయాన్ని తేలికగా తీసుకోవడానికి వీల్లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. కారణాలు అనేకం, అన్నిటినీ పరీక్షలకే ముడిపెట్టలేము. అయినా చదువుల ఒత్తిడి తీవ్రతను సర్వోన్నత న్యాయస్థానం గుర్తించింది. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో 2025 జులైలో 15 మార్గదర్శకాలు జారీ చేసింది. విద్యాసంస్థలకు నిర్దేశించిన ఆ బాధ్యతల్లో తల్లిదండ్రులకు అవగాహన కల్పించడం కూడా ఒకటి.

ఆ అవగాహనలో మొదటి అంశం, చదువు మనసులో ఎలా నిలుస్తుందన్నది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికి 2006లో ప్రచురించిన పరిశోధన ఇందుకు మంచి ఉదాహరణ. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత ఫలితం తారుమారైంది. పాఠం చూడకుండా గుర్తు చేసుకుని రాసినవారికే ఎక్కువ జ్ఞాపకం ఉంది. పుస్తకం ముందు గంటల తరబడి కూర్చున్న పిల్లలు అంతా వచ్చేసిందని నమ్మి, పరీక్ష హాలులో తడబడటానికి ఇదొక కారణం.

పాఠం తెలియని తల్లిదండ్రులు కూడా సాయపడగల చోటు సరిగ్గా ఇదే. పుస్తకం మూసిన తర్వాత ‘ఈ రోజు ఏం నేర్చుకున్నావో నాకు అర్థమయ్యేలా చెప్పు’ అని అడిగి ఓపికగా వింటే చాలు. చెప్పలేక ఆగిన చోటే మళ్లీ చదవవలసిన చోటు. అది పిల్లలకే తెలిసిపోతుంది. రెండు రోజులకొకసారి, వారానికొకసారి పాత పాఠాన్ని ఇలాగే చెప్పించుకుంటే మరుపు తగ్గుతుంది. ఇంటి వద్ద చదువులో తల్లిదండ్రుల భాగస్వామ్యంపై కేంద్ర విద్యాశాఖ 2021 జూన్‌లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా చదువురాని తల్లిదండ్రులను దృష్టిలో ఉంచుకున్నాయి.

రెండో అంశం నిద్ర. కౌమార వయస్సులో రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని వైద్య నిపుణులు సూచిస్తున్నారు. ఈ వయస్సులో శరీర గడియారం కొంత వెనక్కి జరిగి, రాత్రి నిద్ర ఆలస్యంగా వస్తుంది. తెల్లవారుజామున లేపి చదివించడం మన ఇళ్లలో పాత ఆచారమే. కానీ అర్ధరాత్రి పడుకున్నవారిని నాలుగు గంటలకే లేపితే, అంతకు ముందు చదివినది మనసులో స్థిరపడే సమయమే కోతకు గురవుతుంది.

మూడోది ఫోన్. గ్రామీణ ప్రాంతాల స్థితిని తెలిపే ‘అసర్’ 2024 నివేదిక ప్రకారం 14 నుంచి 16 ఏళ్ల వయస్సు వారిలో 80 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడగలరు. వీరిలో అంతకు ముందు వారంలో చదువు కోసం వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు 76 శాతం. ఫోన్ పూర్తిగా లాక్కోవడం చాలామందికి సాధ్యం కాదు, ఎందుకంటే పాఠాలూ అందులోనే వస్తున్నాయి. చదువుకునే వేళ ఇంట్లో అందరి ఫోన్లూ ఒకే చోట పెట్టే నియమం మేలు. పెద్దలు పాటించని నియమాన్ని పిల్లలు గౌరవించరు.

ప్రత్యేక గది లేని ఇళ్లు కోకొల్లలు. అక్కడ టీవీ కట్టేసిన ఒక గంట, ఇంటిపని నుంచి ఆడపిల్లకు దొరికిన ఒక గంట గదితో సమానం.

అన్నిటికంటే ముఖ్యం, మార్కులు తగ్గిన రోజు ఇంట్లో ఎదురయ్యే మాట. పక్కింటి పిల్లలతో పోలిక నోరు మూయిస్తుంది. ఏ ప్రశ్న దగ్గర ఇబ్బంది పడ్డావన్న మాట నోరు తెరిపిస్తుంది. పిల్లలు తిండి, నిద్ర, స్నేహితులకు దూరమవుతుంటే దాన్ని బద్ధకమని కొట్టివేయకుండా ఉపాధ్యాయులతో మాట్లాడాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు అందుబాటులో ఉంది. రెండోసారి పరీక్ష రాసే వీలును ప్రభుత్వం కల్పించగలదు. మొదటిసారి తక్కువ మార్కులు వస్తే ఇంటికి ధైర్యంగా వచ్చి చెప్పుకొనే వీలును కల్పించవలసింది తల్లిదండ్రులే.