సముద్రపు నాడి చూడటం వృథా ఖర్చా?

ఇటీవల ఒక మిత్రుడు, నాలాగే పదవీ విరమణ చేసిన వైద్యుడు, పాత వార్తాపత్రిక ఒకటి నా ముందుంచి కోపంగా అడిగాడు: "పల్లెటూరి ఆసుపత్రిలో పాముకాటుకు మందు దొరకదు. సముద్రం అడుగున ఏముందో చూడటానికి 4,077 కోట్లా? ఇదేం న్యాయమయ్యా?" 2021లో కేంద్ర మంత్రివర్గం డీప్ ఓషన్ మిషన్‌ను ఆమోదించినప్పుడు ఐదేళ్ళకు ప్రకటించిన మొత్తం అది. నేనూ ఒకప్పుడు ఇదే మాట అన్నవాణ్ణి. అయితే అది వైద్యుడు అనదగిన మాట కాదని ఈనాడు నా నిశ్చితాభిప్రాయం.

కలరానే తీసుకుందాం. ఒక ఊరిలో ప్రబలి, వందలమందిని బలిగొని, ఆ తరువాత మాయమయ్యే ఈ వ్యాధి క్రిమి రెండు విజృంభణల నడుమ ఎక్కడ తలదాచుకుంటుందో చాలాకాలం మనకు తెలియలేదు. మనిషి పేగే దాని నివాసమని మా పాఠ్యగ్రంథాలు బోధించాయి. సమాధానం ఆసుపత్రిలో దొరకలేదు, ఉప్పునీటిలో దొరికింది. అమెరికా సముద్ర సూక్ష్మజీవ శాస్త్రవేత్త రీటా కోల్‌వెల్, ఆమె సహచరులు 1970లలో చెసాపీక్ అఖాతంలో కలరా క్రిమిని గుర్తించారు. కోపిపాడ్లనే అతి చిన్న జలచరాలను అంటిపెట్టుకొని అది హాయిగా జీవిస్తుందని ఆ పరిశోధనలు తేల్చాయి. ఆ తరువాత ఉపగ్రహాలు కొలిచిన బంగాళాఖాతపు ఉపరితల ఉష్ణోగ్రతలను బంగ్లాదేశ్ కలరా లెక్కలతో పోల్చి చూస్తే, రెండింటి హెచ్చుతగ్గులకూ సంబంధం కనిపించింది.

ఇక్కడినుండి కథ వంటింటికి వస్తుంది. క్రిమి మరీ చిన్నది, గుడ్డలోనుండి జారిపోతుంది. కానీ అది పట్టుకొని వేలాడే జలచరం పెద్దది, జారిపోలేదు. కనుక పాత నూలు చీరను కనీసం నాలుగు మడతలు వేసి నీరు వడపోస్తే? బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో 65 గ్రామాల్లో ఇది పరీక్షించారు. 2003లో ఫలితాలు ప్రచురితమయ్యాయి: కలరా కేసులు 48 శాతం తగ్గాయి. (కాచి చల్లార్చిన నీటికి ఇది ప్రత్యామ్నాయం కాదు. కట్టెలకు కూడా కరువున్న ఇంటికి ఇది వరం.) సముద్రపు పురుగుల మీద ఖర్చు దండగని ఆనాడు ఎవరైనా ఆపివేసి ఉంటే, ఆ పాత చీరకు ఈ విలువ వచ్చేదా?

రెండవ విషయం మన రక్తానికి సంబంధించిన పోలిక. ఆరోగ్యవంతుని ధమనీ రక్తపు పీహెచ్ 7.35 నుండి 7.45 వరకు ఉంటుంది. అది 7.25కు దిగితే ఎసిడోసిస్ అని వార్డంతా పరుగులు పెడతాం. మనం గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువులో దాదాపు నాలుగో వంతును సముద్రం పీల్చుకుంటోంది. దాని ఫలితంగా, పారిశ్రామిక విప్లవానికి ముందు 8.2గా ఉన్న ఉపరితల జలాల పీహెచ్ ఇప్పుడు సుమారు 8.1. 'పదో వంతే కదా' అనేవారికి పీహెచ్ లెక్క తెలియదన్నమాట: ఆమ్ల గుణం దాదాపు 30 శాతం పెరిగింది. గవ్వలకూ పగడాలకూ ఇది ఎముకల జబ్బు వంటిది. ఈ పతనాన్ని ఊహతో కనిపెట్టలేదు. 1988 నుండి హవాయి, బెర్ముడా సమీపంలో ఒకే చోటికి ఇంచుమించు ప్రతి నెలా నౌక వెళ్ళి, నీరు తోడి, కొలిచి, రాసి పెట్టడం వల్ల తెలిసింది. అంతకన్నా విసుగు పుట్టించే పని ఉండదు. మంచం కాళ్ళ దగ్గర జ్వరపు చార్టు నింపే నర్సు పని కూడా అటువంటిదే. ఆ చార్టు లేకుండా నేను ఒక్కనాడైనా వైద్యం చేయగలిగానా?

తుఫానుల సంగతి మన తీరవాసులకు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేలమందికి పైగా మరణించారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను చీల్చి చెండాడినా, ఆంధ్రలో మృతులు వందకు లోపే. ఆ ఘనతలో ఉపగ్రహాలకూ, రాడార్లకూ, ప్రజలను ముందుగా తరలించిన సిబ్బందికీ వాటా ఉంది. కానీ ఉపగ్రహం నుదుటి మీద చేయి వేసి జ్వరం చూసినట్లు సముద్రపు పైపొర వేడిని మాత్రమే చూస్తుంది. తుఫానుకు మేత ఆ కింది పొరల్లోని వేడి. దానిని కొలిచేవి ఆర్గో ఫ్లోట్లు. ప్రపంచ సముద్రాల్లో సుమారు 4,000 ఉన్నాయి. ఒక్కొక్కటి 2,000 మీటర్ల లోతుకు దిగి, పది రోజులకొకసారి పైకి తేలి కొలతలు పంపుతుంది. మన వంతు ఫ్లోట్ల బాధ్యత చూసే ఇన్‌కాయిస్ సంస్థ సముద్రమే లేని హైదరాబాదులో ఉండటం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

ఈ ఫ్లోట్ల బ్యాటరీ నాలుగైదేళ్ళకు మించి రావడం కష్టం. మానివేయడం ఎంత సులువో చూడండి. కొత్తవి వేయడం ఆపితే చాలు, చార్టు దానంతట అదే ఖాళీ అవుతుంది. ఇది ఉత్త భయం కాదు. పసిఫిక్ భూమధ్యరేఖ వెంబడి ఎల్ నినోను కనిపెట్టే లంగరు పరికరాల వరుసను చూసుకునే నౌకను 2012లో అమెరికా ఉపసంహరించింది. రెండేళ్ళలో అక్కడి సమాచారం 40 శాతానికి పడిపోయింది. మన నైరుతి రుతుపవనాలను పట్టి కుదిపేది ఆ ఎల్ నినోయే. 2025లో అక్కడి ప్రభుత్వం ఇంకో అడుగు వేసి, వాతావరణ సముద్ర సంస్థ నోవాలోని పరిశోధన విభాగాన్నే ఎత్తివేయాలని ప్రతిపాదించింది. ఆర్గో ఫ్లోట్లలో దాదాపు సగం ఆ దేశానివే.

మనం వారికన్నా మెరుగు అనుకోనక్కరలేదు. ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకువెళ్ళే 'మత్స్య 6000' బొమ్మ మన పత్రికల మొదటి పేజీలో వస్తుంది. సంతోషమే. మరి హిందూ మహాసముద్రంలో లంగరు వేసిన కొలత పరికరాల విడిభాగాలను దొంగిలించుకుపోతుంటే, వాటి కోసం ఎవరు నిలదీశారు? పరిశోధన వద్దనేవారితోపాటు, పరిశోధన అంటే సాహసయాత్ర అనుకునేవారితోనూ నాకు పేచీ ఉంది. బడ్జెట్టులో మొదటి వాటా పాత కొలతలు ఆగకుండా చూడటానికి దక్కాలి, మిగిలినది సాహసాలకు.

మిత్రుడు అంతా విని, "మరి పాముకాటు మందు?" అన్నాడు. ఆరోగ్యశాఖకు ఉత్తరం నువ్వే రాయి, సంతకం నేనూ చేస్తాను, అందులోకి సముద్రాన్ని లాగకు అన్నాను. ఉత్తరం ఇంకా రాలేదు. కలం సిద్ధంగా ఉంచుకున్నాను.