ఖాళీ జాగా ఉంది, పెద్దలున్నారు, మీరున్నారు!

మీ ఊళ్ళో ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు ఎందరో ఉంటారు. రోడ్లు వేయించిన ఇంజనీరు, పట్టణ పటాలు గీసిన అధికారి, సైన్సు చెప్పిన మాస్టారు! "ఇక విశ్రాంతి తీసుకోండి" అంటాం. అలా అని వారిని ఇంట్లో కూర్చోబెడితే నష్టపోయేది మనమేనని నా అభిప్రాయం.

పాట్రిక్ గెడ్డిస్ పేరు విన్నారా? 1854లో పుట్టిన ఈ స్కాట్లండు వృక్షశాస్త్రజ్ఞుడు పట్టణ ప్రణాళికలో పేరు పొందాడు. ఎడిన్‌బరో పాతపేటలో చెత్త నిండిన ఖాళీ జాగాలను లెక్క తీయించి, కొన్నింటిని తోటలుగా మార్పించాడు. ఆ పనిలో కుమార్తె నోరా ఎంతో శ్రమించింది. 1914లో గెడ్డిస్ మన దేశం వచ్చాడు. 1915లో మద్రాసులో పట్టణాల ప్రదర్శన పెట్టాడు. మన గుంటూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. తరువాత బొంబాయి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1924లో, సుమారు డెబ్బయ్యో ఏట, ఇక్కడినుంచి వెళ్ళి ఏం చేశాడు? ఫ్రాన్సులో మోంపెలియే దగ్గర ఎండిన గుట్టమీద విద్యార్థులకు వసతిగృహం కట్టించి, చుట్టూ తోటలు పెంచాడు!

ఇక మన సంగతి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చాలాచోట్ల నల్లరేగడి నేల. దానిలోని బంకమన్ను పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది; ఎండితే కుంచించుకుపోయి బీటలు వేస్తుంది. తేమను చాలాకాలం పట్టి ఉంచుతుంది గనుక పత్తికి మంచిది. కాని నీరు నిలిస్తే వేళ్ళకు గాలి అందదు, మొక్క వడలిపోతుంది. కనుక తోట వేసేముందు "వాన నీరు ఎటు పోతుంది?" అని అడగాలి. పట్టణం కట్టేవారు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదీ ఒకటి. మిరప రైతు బోదెలు తీసేదీ ఇందుకే.

"నీళ్ళెక్కడివి?" అంటారా? మధ్యాహ్న భోజనం వేళ చేతులు కడిగిన నీరు ఎటు పోతోందో చూడండి. "పెద్దవారికి ఎండలో పనా?" అంటారా? పలుగు మీరు పట్టండి, వాలు వారు చూస్తారు.

మరో లాభముంది. పురుగు కనబడగానే మందు కొట్టే అలవాటు మన చేలల్లో బలంగా ఉంది. మీ తోటలో అలసంద తీగకు పేనుబంక పడితే తొందరపడకండి. అక్షింతల పురుగులు వచ్చి దానిని తింటాయేమో రోజూ చూసి రాసుకోండి. ఏ పురుగు శత్రువో, ఏది మిత్రమో తెలిసిన పిల్లలే రేపు తెలివైన రైతులు.

ఈ ఆదివారమే మీ బడి ఖాళీ జాగాను అడుగులతో కొలిచి పటం గీయండి. హెడ్మాస్టరుగారి అనుమతితో, ఆ పటం తీసుకుని మీ వీధిలోని పెద్దాయన తలుపు తట్టండి. "తాతగారూ, ఇక్కడ నీరు ఎటు పారుతుంది?" అని అడగండి.