సింకులో యాసిడ్ పోసే ఇంజనీర్లకు..

మొన్న ఆదివారం మా వంటింటి సింకు మొరాయించింది. రెండు గిన్నెలు కడిగితే చెరువులా నిండి, పది నిమిషాలకి నింపాదిగా దిగుతున్నాయి నీళ్ళు. మా రూమ్మేటు (వాడూ మన సాఫ్టువేరు బాపతే) బాత్రూము యాసిడ్ సీసా తెచ్చాడు. ముందు రోజు రాత్రే డ్రెయినేజీ పౌడరు పోశాడట. కాస్టిక్ సోడా మీద యాసిడ్! కుతకుతమని ఉడికి ముఖాన చిమ్ముతుందిరా నాయనా అని లాక్కున్నాను.

బాత్రూములో వాష్ బేసిన్ చూశాను, నీళ్ళు బాగానే పోతున్నాయి. అంటే మెయిన్ లైను మంచిదే, తేడా ఈ సింకు దగ్గరే. పౌడరు పోయేదాకా బిందెడు నీళ్ళు మెల్లగా పోసి, గ్లౌజులు, కళ్ళజోడు పెట్టుకుని, కింద బకెట్ ఉంచి బాటిల్ ట్రాపు విప్పాను. నెయ్యి జిడ్డు, అన్నం మెతుకులు, కరివేపాకు కలిసి తెల్లటి ముద్ద. అరగంట పని, పైసా ఖర్చు లేదు.

"ప్లంబరు పని నీకెందుకురా?" అన్నాడు మావాడు. నాకు మండింది అక్కడే!

ఆఫీసులో సర్వరు నెమ్మదిస్తే లాగులన్నీ తిరగేస్తాం. ఇంట్లో మాత్రం కళ్ళు మూసుకుని యాసిడ్ పోస్తాం. తెలివి లేకనా? కాదండీ. ఆ మురికిలో పెట్టే చెయ్యి మనది కాదని నమ్మకం. ట్రాపులో కాస్టిక్ ఉందని ప్లంబరుకి చెప్పేవాళ్ళు మనలో ఎంతమంది?

మన జిడ్డు అపార్టుమెంటు గేటు దగ్గర ఆగదు. వీధి మురుగు లైనులో గడ్డకడుతుంది. రక్షణ లేకుండా మనుషుల్ని అందులోకి దించకూడదని 2013 లోనే చట్టం వచ్చింది. అయినా, అలా చనిపోయినవారి కుటుంబాలకిచ్చే పరిహారాన్ని 2023 లో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలకి పెంచాల్సి వచ్చింది. అంటే చావులు ఆగలేదనేగా!

"అది కార్పొరేషను బాధ్యత" అంటారా? ముమ్మాటికీ. యంత్రాలు పెట్టమని గట్టిగా అడుగుదాం. కానీ అడిగే ముందు మూకుడులో జిడ్డుని పాత పేపరుతో తుడిచి చెత్తబుట్టలో వేద్దాం. సింకుకి జాలీ పెడదాం. ట్రాపు మనమే విప్పుదాం.

నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివిన చేతులకి అది నామోషీ అయితే, ఆ చదువుకే నామోషీ.