పేదోళ్లున్న చోట దొంగలుంటారా? మన్యం వచ్చే మిత్రులకు నాలుగు మాటలు



చలి మొదలైందంటే చాలు, మా ఫోన్లకి ఒకే రకం మెసేజ్‌లు. "బ్రో, వంజంగి వస్తున్నాం, రాత్రి టెంట్‌లో పడుకుంటే సేఫేనా?" "లంబసింగిలో లోకల్స్‌తో ప్రాబ్లం ఏమైనా ఉంటుందా?" "ఫ్యామిలీతో అరకు వస్తున్నాం, ఆ రూట్లో దొంగతనాలు జరుగుతాయంట కదా?"

అడగడంలో తప్పేం లేదు. పిల్లల్ని తీసుకొని కొత్త చోటికి పోయేవాళ్లు ఎవరైనా అడుగుతారు. మేం కాలేజీకి వైజాగ్ దిగినప్పుడు మా ఇళ్లలో కూడా "అక్కడ జేబులు కొట్టేస్తారంట, జాగ్రత్త" అనే పంపించారు. మాకు గుచ్చుకునేది ప్రశ్న కాదు, దాని వెనకాల వచ్చే మాట: "అంటే... అక్కడి జనం బాగా పేదోళ్లు కదా, అందుకని."

ఈ "అందుకని" మీద మీలో మూడు రకాల వాదనలు విన్నాను. ఆకలితో ఉన్నవాడు దొంగతనం చేస్తాడు కాబట్టి వీళ్లకి పథకాలు ఇవ్వాలి, అప్పుడే టూరిస్టులకి భద్రత అనేవాళ్లు కొందరు. ఉచిత బియ్యం, పెన్షన్లు ఇచ్చి సోమరుల్ని చేశారు, పని లేనివాడే తాగి గొడవకొస్తాడు అనేవాళ్లు ఇంకొందరు. "అయ్యో, వాళ్లు అమాయకులండీ, అబద్ధమే తెలీదు" అనేవాళ్లు మూడో రకం. మొదటివాళ్లు, మూడోవాళ్లు మా మంచి కోరేవాళ్లే, కాదనను. కానీ ముగ్గురికీ మేం మనుషులుగా కనపడటం లేదు. ఒకరికి ముప్పు, ఒకరికి బరువు, ఒకరికి బొమ్మ. మా దగ్గరా దొంగలున్నారు, తాగి కొట్టుకునేవాళ్లున్నారు, సీజన్‌లో పార్కింగ్‌కి ఇష్టమొచ్చినట్టు డబ్బులు అడిగే కుర్రాళ్లూ ఉన్నారు. మీ కాలనీలో ఉన్నట్టే.

పేదోడిని చూడగానే దొంగ అనుకోవడం ఊరికే పుట్టిన అలవాటు కాదు. దానికి ఒక చట్టమే ఉండేది. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఉప్పు, ధాన్యం ఎడ్ల మీద, గాడిదల మీద వేసుకొని ఊరూరూ తిరిగి బతికిన ఎరుకలవాళ్లు రైళ్లొచ్చాక ఆ వ్యాపారం పోగొట్టుకున్నారు. బతుకు పోయినవాడిని ఆదుకోకుండా పుట్టుకతోనే దొంగ అని రాసేశారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అట్లా పుట్టిన సెటిల్‌మెంటే. స్వతంత్రం వచ్చిన ఐదేళ్లకి, 1952లో ఆ చట్టం రద్దయింది. పేరు మాత్రం పోలేదు, సినిమాలు ఇప్పటికీ ఆ ఊరి పేరు చెప్పి టికెట్లు అమ్ముకుంటున్నాయి. జైలు మాన్యువళ్లలో ఈ తెగల మీద మిగిలిన వివక్ష రాతలు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 అక్టోబర్ దాకా పట్టింది. కాబట్టి "పేదోళ్లు కదా, అందుకని" అన్నప్పుడు మీకు తెలీకుండానే ఎవరి మాట మీ నోట్లోకి వస్తోందో చూసుకోండి.

అయితే పేదరికానికీ నేరానికీ సంబంధమే లేదా? ఉంది. గంజాయి సంగతి చూడండి. పెట్టుబడి బయటిది, కొనేది బయటివాళ్లు, మధ్యలో అడవి దారిలో మూట మోసేది మావాడు. ట్రిప్పుకి వాడి చేతికొచ్చేది కొన్ని వేలు. 20 కిలోలకి పైన దొరికితే కనీసం 10 ఏళ్లు జైలు, లక్ష రూపాయల జరిమానా. పెట్టుబడి పెట్టినవాడి పేరు చాలాసార్లు కేసులోకే రాదు. 2021లో ఆపరేషన్ పరివర్తన అని వేల ఎకరాల్లో తోటలు నరికించారు, మంచిదే. దాని బదులు కాఫీ వేసుకోమన్నారు. కాఫీ మొక్క కాపుకొచ్చేసరికి మూడు నాలుగేళ్లు. అప్పటిదాకా ఇంట్లో పొయ్యి ఎట్లా వెలగాలి? ఆ మూడేళ్ల లెక్క వెయ్యకపోతే మూట మోసేవాడు మళ్లీ దొరుకుతూనే ఉంటాడు. ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. సీజన్‌లో వచ్చేవాళ్లలో కొందరు మా పదహారేళ్ల పిల్లల్ని పక్కకి పిలిచి "తమ్ముడూ, సరుకు దొరుకుతుందా" అని అడుగుతున్నారు. ఇక్కడ ఎవరి వల్ల ఎవరికి రిస్క్?

ఇక సంక్షేమం. అంత్యోదయ కార్డుకి నెలకి 35 కిలోల బియ్యం. ఆ బియ్యం తిని సోమరైపోయాం అనేవాళ్లు ఒక్క వారం మా వాళ్లతో కొండెక్కి రాజ్‌మా కోసి, పసుపు తవ్వి, నెత్తిన మోసుకొని సంతకి రండి, తర్వాత మాట్లాడుకుందాం. వాళ్లకంటే నాకు భయం మొదటి రకం మిత్రులతోనే. "పథకాలిస్తే నేరాలు తగ్గుతాయి" అనేది వినడానికి మన వైపు వాదనలాగే ఉంటుంది. కానీ దాని అర్థం ఏంటి? మేం గొడవ చెయ్యకుండా ఉండటానికి ఇచ్చే మామూలా అది? అట్లా అయితే నోరెత్తని గూడేనికి రోడ్డు ఎప్పుడొస్తుంది? మన్యంలో చాలా ఏళ్లు అదే జరిగింది. అలజడి ఉన్న చోటికి క్యాంపు వచ్చింది, క్యాంపు కోసం రోడ్డు వచ్చింది. సద్దుమణిగిన చోట గర్భిణిని ఇంకా డోలీలోనే మోస్తున్నాం. రాజ్యాంగం 46వ అధికరణం మా చదువు, ఆర్థిక ప్రయోజనాలు చూడమంది, 275(1) మా ప్రాంతాలకి గ్రాంట్లు ఇవ్వమంది. మీరు హాయిగా తిరగడానికి అని ఎక్కడా రాయలేదు.

మరి ఇంతకీ సేఫేనా? ఇక్కడ మీ ప్రాణానికి ముప్పు మా మనుషుల కంటే ఎక్కువగా రోడ్డూ నీళ్లూ. 2021 ఫిబ్రవరిలో అనంతగిరి ఘాట్‌లో డముకు దగ్గర హైదరాబాద్ టూరిస్టు బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. 2024 సెప్టెంబర్‌లో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో ఏలూరు నుంచి వచ్చిన మెడికల్ విద్యార్థులు ముగ్గురు కొట్టుకుపోయారు. పైన కొండల్లో వాన పడితే కింద ఎండ ఉన్నా వాగు ఒక్కసారిగా పెరుగుతుంది. మా పిల్లలకి తెలుసు, మీకు తెలీదు. అందుకే వాగులో దిగేముందు ఊళ్లోవాళ్లని అడగండి. పొగమంచులో ఘాట్ ఎక్కకండి.

టూరిస్టుల భద్రత అనగానే కెమెరాలు, ఔట్‌పోస్టులు అంటున్నారు. పెట్టండి, మాకు అభ్యంతరం లేదు. కానీ లోయలో పడ్డ బస్సుకి కావాల్సింది డోలీలో ఉన్న మా అక్కకి కావాల్సిందే: అంబులెన్స్ ఎక్కే రోడ్డు, ఫోన్ సిగ్నల్, దగ్గర్లో డాక్టరున్న ఆసుపత్రి. జలపాతాల దగ్గర మా ఊరి కుర్రాళ్లకే శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి కాపలా పెట్టండని అడుగుతున్నాం.

అట్లాగే 1/70 చట్టం ఉన్న ఈ నేల మీద గిరిజనుడి పేరు ముందు పెట్టి బినామీగా లేచే రిసార్టులున్నాయి. దొంగతనాల గురించి అడిగేవాళ్లలో ఒక్కరు కూడా దీని గురించి అడగలేదు. ఈ సీజన్‌లో గది బుక్ చేసేముందు ఈ స్థలం ఎవరిదని, ఎంట్రీ టికెట్ కొనేటప్పుడు ఇందులో గ్రామసభకి ఎంత పోతుందని అడగండి. వచ్చిన జవాబు కింద కామెంట్‌లో రాయండి, మేం ఊరూరూ లెక్క తీస్తున్నాం.