ఎవరి అప్పు, ఎవరి ఆదివారం?

మహబూబ్‌నగర్‌లో ఈమధ్య చాలా ఇళ్ళలో చాయ్ కంటే ముందు ఫోన్ చేతికిస్తారు. అందులో అమెరికాలో చదువుతున్న పిల్లల ఫొటోలుంటాయి. కొత్త జాకెట్టు, అద్దె కారు, వెనకాల ఏదో సరస్సు. ‘శనాదివారాలొస్తే వాళ్ళకు పండగే మేడమ్’ అన్నాడు ఒక తండ్రి. ఆయన మాట్లాడింది కొడుకు గురించి. కూతుర్ని పంపిన తల్లి అలా అనగా నేనింతవరకు వినలేదు.

2023 అక్టోబరులో ఒక సదస్సుకు వెళ్తూ, డాలస్ దగ్గర ముగ్గురు అమ్మాయిలు అద్దెకుంటున్న ఇంట్లో రెండు రోజులున్నాను. ఒకమ్మాయి మహబూబ్‌నగర్ పిల్ల. వాళ్ళమ్మ నాకు చాలాకాలంగా తెలుసు. ఆ అమ్మాయి ఒప్పుకుంది కాబట్టి రాస్తున్నాను, పేరు మాత్రం రాయను.

శనివారం ఉదయం ఏడింటికల్లా ఆమె యూనివర్సిటీ భోజనశాలలో పనికి వెళ్ళింది. చదువు సాగే రోజుల్లో విదేశీ విద్యార్థులు క్యాంపస్ లోపల వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదని అమెరికా నిబంధన. టెక్సాస్‌లో కనీస వేతనం 2009 నుంచీ గంటకు 7.25 డాలర్లే. ఆమెకూ అంతే ఇస్తున్నారు. వారానికి 145 డాలర్లు. మధ్యాహ్నం రెండింటికి తిరిగొచ్చి వారానికి సరిపడా పప్పు, కూరలు వండింది. పక్కింట్లో ఉండే తెలుగు అబ్బాయిలు సాయంత్రం ఖాళీ డబ్బాలతో వచ్చారు. ‘సరుకుల డబ్బులు ఇస్తారు మేడమ్’ అంది ఆ అమ్మాయి. వండిన చేతికి ఏమిస్తారని నేనడిగితే నవ్వింది. ఇరవై గంటల లెక్కలో ఈ వంట లేదు. మన ఊళ్ళో లెక్కకు రాని చాకిరీ అక్కడా లెక్కకు రాదు.

రాత్రి తొమ్మిదింటికి ఇంటికి ఫోన్ చేసింది. మహబూబ్‌నగర్‌లో అప్పుడు ఆదివారం ఉదయం ఏడున్నర. తల్లి బియ్యం ఏరుతూనే మాట్లాడింది. ‘తిన్నవా బిడ్డా? మొఖం గట్ల గుంజుకపోయిందేంది?’ తర్వాత తండ్రి ఫోన్ తీసుకుని ఇల్లంతా ఒకసారి చూపించమన్నాడు. ఎవరెవరున్నారు, ఇంత రాత్రిదాకా ఎందుకు మేలుకుని ఉన్నావు అని అడిగాడు. ఆమె ఫోన్‌ను గది నాలుగు మూలలకూ తిప్పింది. నన్ను చూసి ఆయన కాస్త స్థిమితపడ్డాడు. డబ్బాలు పట్టుకుపోయిన అబ్బాయిలనూ ఇంటినుంచి ఇలా గది చూపించమంటారా అని అడిగాను. వాళ్ళనెవరూ అడగరట.

ఆదివారం బట్టలు ఉతుక్కుని, సోమవారం ఇవ్వాల్సిన పాఠం పని ముందేసుకుని కూచుంది. మధ్యలో ఒక నోట్‌బుక్ తీసింది. అప్పు 35 లక్షలు, వడ్డీ 11 శాతం. నెలకు 32 వేల పైచిలుకు వడ్డీయే అవుతుంది. చదువు అయ్యేదాకా వాయిదాలు కట్టనక్కరలేదు గాని వడ్డీ మాత్రం ఆగదు. మహబూబ్‌నగర్ ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. ఇల్లు తల్లి పేరు మీద ఉంది. ఆమెకు చదవడం రాదు. ఎక్కడ చూపిస్తే అక్కడ వేలిముద్ర వేసింది. ఆ కాగితాల్లో ఏముందో ఆమెకు ఎవరైనా చదివి చెప్పారా? అడిగాను. ‘నాన్నకు చెప్పారు’ అంది కూతురు.

పాలమూరు వలసల మీద పనిచేసినదాన్ని కనుక నాకు గుంపు మేస్త్రీ గుర్తొచ్చాడు. దశాబ్దాలపాటు మన జిల్లా జనం మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని దేశంలో ఎక్కడెక్కడో డ్యాములు, కాలువలు కట్టడానికి పోయారు. ముందు అప్పు, తర్వాత వలస, ఆ అప్పు తీరేదాకా చాకిరీ. ఈ రెండూ ఒకటే అనడం లేదు. ఈ అమ్మాయి తన ఇష్టంతో, తన తెలివితో వెళ్ళింది, రేపు మంచి ఉద్యోగమూ రావచ్చు. కానీ మనిషి కంటే ముందు అప్పు బయల్దేరడం, ఇంటి దగ్గర ఒక ఆడమనిషి దానికి హామీగా మిగలడం మాత్రం మారలేదు.

2023-24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3.31 లక్షల మందికి పైనే. అబ్బాయైనా అమ్మాయైనా బ్యాంకు వడ్డీ ఒకటే. అప్పు తీరే దారులే వేరు. మన ప్రాంతంలో నేను చూసిన పెళ్ళిళ్ళలో అబ్బాయి చదువు ఖర్చు కట్నంలో కలిసిపోతుంది. ‘పిల్లవాడి మీద ఇంత పెట్టాం’ అని బాహాటంగానే అడుగుతారు. 1961 నుంచి వరకట్న నిషేధ చట్టం ఉంది. అయినా కొడుకు అప్పును ఇంకొకరి కూతురు తీరుస్తుంది. కూతురి అప్పు సంగతి వేరు. ‘లోను తీరిందా, పెళ్ళయ్యాక జీతం ఎవరికి పంపుతుంది’ అని అవతలివాళ్ళు అడుగుతారు. కట్నం అడగడం మానరు. అందుకే పెళ్ళికి ముందే అప్పు తీర్చేయాలని ఆ పిల్ల తన శనాదివారాలన్నీ కరిగించుకుంటోంది.

ఇంకొక మాట కూడా వినిపిస్తుంది: ‘నీ చదువుకు పెట్టాం కదా, ఇక ఆస్తిలో ఏం అడుగుతావు?’ ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే హక్కు ఉందని 1985లో ఆంధ్రప్రదేశ్ చట్టం చెప్పింది. అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకే అది వర్తించింది. 2005లో కేంద్రం చట్టం సవరించి దేశమంతటా కూతుళ్ళకు ఆ హక్కు ఇచ్చింది. అప్పటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. చదువు ఖర్చు చూపించి ఆ హక్కును కొట్టేయడానికి ఏ చట్టమూ ఒప్పుకోదు. కొడుకు చదువు కోసం అతని వాటా వదులుకోమని ఎవరూ అనరు కూడా.

ఆడపిల్లల్ని విదేశాలకు పంపొద్దని వాదించేవాళ్ళకు ఈ వ్యాసం పనికిరాదు. వెళ్ళాలి, ఇంకా ఎక్కువమంది వెళ్ళాలి. తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు విదేశీ చదువుకు 20 లక్షల దాకా సాయం చేసే పథకాలు పెట్టింది. మన మండలాల్లో ఎంతమంది తల్లులకు ఈ సంగతి తెలుసు? మన సంఘాలు ముందు ఆ పని చేయాలి. అప్పు కాగితాలను, వేలిముద్ర వేసే మనిషికి తెలుగులో చదివి వినిపించాలని బ్యాంకుల్ని నిలదీయాలి. కూతురి చదువునూ ఆమె వాటానూ ఒకే ఖాతాలో వేయడం ఒప్పుకోమని ఇళ్ళలోనే చెప్పాలి.

ఆదివారం సాయంత్రం నేను బయల్దేరుతుంటే ఆ అమ్మాయి దగ్గర్లో సరస్సు ఉందని చెప్పింది. వచ్చి పద్నాలుగు నెలలైనా ఇంకా చూడలేదట. ఆ సరస్సు దగ్గర దిగిన ఫొటోనే మహబూబ్‌నగర్‌లో నాకు ఆ తండ్రి చూపించాడు.