కొండ అడ్డం, తరంగం పొడవు

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో, కొండల నడుమ గాదంకి ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఆవరణలో వరుసకు 32 చొప్పున 32 వరుసలు, మొత్తం 1024 జంట యాంటెన్నాలు ఆకాశానికేసి నిలబడి ఉంటాయి. చూడటానికి ఒకప్పుడు మిద్దెల మీద కనిపించిన టీవీ యాంటెన్నాలకు దగ్గరి చుట్టాలు. ఇవన్నీ కలిస్తే పై గాలిని కొలిచే ఎంఎస్‌టీ రాడార్. 1990ల మొదట్లో పని మొదలుపెట్టిన దీని పౌనఃపున్యం 53 మెగాహెర్ట్జ్. అంటే దాని తరంగం సెకనుకు 5.3 కోట్ల సార్లు కంపిస్తుంది.

రేడియో తరంగం కాంతి వేగంతో, సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. కాబట్టి 300ను మెగాహెర్ట్జ్ అంకెతో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. గాదంకి తరంగం పొడవు సుమారు 5.7 మీటర్లు. పై గాలిలో అందులో సగం, అంటే 2.8 మీటర్ల కొలతలో ఉండే అలజడులు దాన్ని వెనక్కి చిమ్ముతాయి. 15 కిలోమీటర్ల ఎత్తుకు పోయిన తరంగం సెకనులో పదివేలవ వంతులో తిరిగొస్తుంది. వచ్చిన కాలం ఎత్తును చెబుతుంది, పౌనఃపున్యంలో వచ్చిన స్వల్ప తేడా గాలి వేగాన్ని చెబుతుంది. ఆ ప్రతిధ్వని ఎంత బలహీనమంటే, ఊళ్లలోని యంత్రాల రేడియో రొద చాలు దాన్ని మింగేయడానికి. చుట్టూ ఉన్న కొండలే ఆ రొదను ఆపుతాయి.

అవే కొండలు సెల్‌ఫోన్‌కు మాత్రం అడ్డం. కడప ఆకాశవాణి మీడియం వేవ్ పౌనఃపున్యం 900 కిలోహెర్ట్జ్, తరంగం పొడవు 333 మీటర్లు. అంత పొడవైనది నేలను అంటిపెట్టుకుని గుట్టలు దాటి పోతుంది. 5జీకి వాడే 3300 మెగాహెర్ట్జ్ తరంగం 9 సెంటీమీటర్లే. గుట్ట ఎదురైతే దాని వెనక నీడ పడుతుంది, గోడ ఎదురైతే బలం చచ్చిపోతుంది. 700 మెగాహెర్ట్జ్‌ది 43 సెంటీమీటర్లు. ఇది కాస్త వంగుతుంది, ఇంట్లోకీ మెరుగ్గా చొరబడుతుంది. అలాగని శేషాచలం కొండల వెనక్కి దూకేయదు, నీడను కొంచెం తగ్గిస్తుందంతే. పైగా కింది బ్యాండ్లలో జాగా ఇరుకు. డేటా ఎక్కువ పారాలంటే వెడల్పు కావాలి, ఆ వెడల్పు పై బ్యాండ్లలోనే దొరుకుతుంది.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ప్రభుత్వాలు ఆ ఆస్తిని ఎక్కువగా ఖజానా లెక్కల్లోనే చూశాయి. ఒకప్పుడు టీవీకి కేటాయించిన 700 బ్యాండ్‌ను 2016లో మెగాహెర్ట్జ్‌కు 11,485 కోట్ల రూపాయల కనీస ధరతో వేలానికి పెడితే ఒక్కరూ కొనలేదు. 2021లోనూ ఎవరూ కొనలేదు. పల్లెకు అందాల్సిన తరంగం అన్నేళ్లు ఊరికే పడి ఉంది. అది ఖజానాకూ నష్టమే. ధర 3,927 కోట్లకు దించాక, 2022లో జియో ఒక్కటే 10 మెగాహెర్ట్జ్ తీసుకుంది.

వేలం జరిగేది టెలికం సర్కిళ్ల వారీగా. రాష్ట్రం రెండైనా టెలికం లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. హైదరాబాద్ ఐటీ మేడలకూ చిత్తూరు కొండల చాటు పల్లెకూ కలిపి ఒకటే ధర. మేడల దగ్గర టవర్ పెడితే రాబడి వెంటనే కనిపిస్తుంది, గుట్ట మీద పెడితే కరెంటు, దారి, కేబుల్ ఖర్చులే ముందు కనిపిస్తాయి. అందుకే వేలంలో పెట్టే టవర్ల నిబంధనలు సర్కిల్ సగటుతో ఆగకుండా, కొండ వెనక ఊళ్ల పేర్లతో రాయాలి. ఏ ఊరు ఏ గుట్ట నీడలో పడుతుందో భూమి ఎత్తుల మ్యాపు, తరంగం పొడవు చేతిలో ఉంటే వేలానికి ముందే లెక్కకట్టవచ్చు.